బండి సంగతులు: ‘అంతా నార్మలే మేడమ్’ అంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: కొత్త కారు కొని ఇంకా ఏడాది కాలేదు. పెట్రోల్, ఆటోమేటిక్. రెండో నెల నుంచే ఒక ఇబ్బంది మొదలైంది. బయల్దేరినప్పుడు బాగానే ఉంటుంది. గంట, గంటన్నర నడిపి ఇంజిన్ బాగా వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో ఆక్సిలరేటర్ తొక్కినా రెండు మూడు సెకన్లు పికప్ రాదు. తర్వాత ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. ఒకసారి మలుపు తిరుగుతుంటే, వెనక లారీ ఉండగా ఇంజిన్ ఆగిపోయింది. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది, కొన్నాళ్లకు దానంతటదే ఆరిపోయింది. షోరూం వాళ్ల వర్క్‌షాప్‌కి ఎన్నోసార్లు తీసుకెళ్లాను. స్కానర్ పెట్టి ‘ఎర్రర్ ఏమీ లేదు, అంతా నార్మలే మేడమ్’ అంటారు. ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు, ఒకసారి పెట్రోల్ బాగోలేదన్నారు. చివరికి ‘మీకు ఆటోమేటిక్ అలవాటు లేదేమో’ అన్నారు. నేను పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నాను. ఈఎంఐ ఆపేస్తే వాళ్లే దారికొస్తారని మావారు అంటున్నారు. కారు మార్చి ఇమ్మని అడగొచ్చా? ఎవరిని అడగాలి?
– ఒక ఉపాధ్యాయిని (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు మీవారి సలహా సంగతి చూద్దాం. ఈఎంఐ ఆపొద్దు. షోరూం వాళ్లకు కారు డబ్బు ఎప్పుడో ముట్టింది. మీరు బాకీ ఉన్నది బ్యాంకుకి. కారు కుదుపుతోందో లేదో బ్యాంకుకి అనవసరం. కంతులు ఆగితే మీ క్రెడిట్ స్కోరు పడిపోతుంది, బండిని పట్టుకెళ్లే హక్కు బ్యాంకుకి వస్తుంది. మీ దగ్గరున్న పెద్ద సాక్ష్యం ఆ బండే కదా. దాన్ని మనమే ఎందుకు పోగొట్టుకోవాలి?

రెండోది ఇంకా ముఖ్యం. మళ్లీ నడుస్తుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. తిరగదని కాదు, బలంగా తిప్పాలి. బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో ఒకటి రెండు తొక్కులకు సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది. కాబట్టి పెడల్ని పదేపదే కొట్టకుండా, ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకుని, హజార్డ్ లైట్లు వేసి రోడ్డు పక్కకు తీసుకోండి. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా వర్క్‌షాప్ దాకా వెళ్లొచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మిస్‌ఫైర్ (ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) ఎక్కువగా ఉందని అర్థం, నడిపేకొద్దీ పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. అప్పుడు ఆపేసి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చెయ్యండి. వాళ్లు వచ్చి టో చేసుకెళ్లిన కాగితం తర్వాత బాగా పనికొస్తుంది కూడా.

ఇక ‘ఎర్రర్ లేదు’ అన్న మాట. ఈ కాలమ్ రాయకముందు చాలాకాలం ఆ కౌంటర్‌కి అవతలి వైపు కూర్చున్నవాణ్ణి నేను. సర్వీస్ అడ్వైజర్‌గా ఆ వాక్యం ఎన్నిసార్లు పలికించారో చెప్పలేను. అందులో సగం నిజం ఉంది, మిగతా సగం ఆ మాట చాటున దాక్కుంటుంది.

నిజం ఇది. వారంటీలో చేసిన పనికి డీలర్‌కి డబ్బిచ్చేది కంపెనీ. ఏ కోడ్ (బండిలోని కంప్యూటర్ లోపానికి ఇచ్చే నంబరు) వచ్చింది, ఏ పరీక్ష చేశారు, ఏ భాగం పాడైంది అని చూపిస్తేనే ఇస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు కనిపించి మాయమయ్యే లోపాన్ని పట్టుకోవడానికి టెక్నీషియన్ పూటంతా తిరిగితే, ఆ టైముకు తగ్గ డబ్బు చాలాచోట్ల రాదు. దానికి తోడు మీ బండి గంటన్నర నడిచాక మొరాయిస్తుంది. మీరు తాళాలిచ్చి వెళ్లాక అది చల్లబడుతుంది. టెక్నీషియన్ రెండు కిలోమీటర్లు తిప్పి చూస్తాడు. డాక్టర్ కుర్చీలో కూర్చోగానే పంటి నొప్పి మాయమైనట్టు, అక్కడ బండి బుద్ధిగా ఉంటుంది. అతను అబద్ధమాడటం లేదు. కానీ ‘నాకు కనిపించలేదు’ అని రాయాల్సిన చోట ‘లోపం లేదు’ అని రాస్తున్నాడు. మీ గొడవంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది.

దాక్కున్న సగం మీ ఉత్తరంలోనే బయటపడింది. లైటు వెలిగి, దానంతటదే ఆరిందన్నారు. ఈ వ్యవస్థ పనిచేసే తీరు చెబుతాను, మీరే ఆలోచించండి. చాలా రకాల లోపాలు మొదటిసారి కనిపించినప్పుడు కంప్యూటర్ వాటిని ‘పెండింగ్’ కోడ్‌గా రాసుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో కూడా అదే కనిపిస్తే లైటు వెలిగిస్తుంది. వరసగా మూడు ప్రయాణాల్లో లోపం రాకపోతే లైటు ఆర్పేస్తుంది. అయితే కోడ్ మాత్రం వెంటనే చెరిగిపోదు. ఆ లోపం మళ్లీ రాకుండా ఇంజిన్ ఇంచుమించు 40 సార్లు చల్లబడి వేడెక్కేదాకా మెమరీలో ఉంటుంది. దాంతోపాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అని ఇంకొకటి ఉంటుంది. లోపం నమోదైన క్షణంలో బండి వేగమెంత, ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎమ్ మీద ఉంది, ఎంత వేడిగా ఉంది, ఎంత లోడ్ మీద ఉంది అన్నవి అందులో ఉంటాయి. అంటే లైటు ఆరిన వారం రోజులకు వెళ్లినా కోడ్ దొరకాలి. దొరకలేదంటే మీరు చాలా ఆలస్యంగా వెళ్లి ఉండాలి, లేదా ఎవరో చెరిపేసి ఉండాలి. చెరపడానికి దురుద్దేశం అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినా, చాలా బండ్లలో బ్యాటరీ టెర్మినల్ తీసిపెట్టినా చెరిగిపోతుంది. ముందు ప్రింట్ తీసుకోకుండా అప్‌డేట్ చెయ్యడం మాత్రం నా దృష్టిలో తప్పే.

అందుకని ఓబీడీ రీడర్, అంటే బండి కంప్యూటర్‌లోని కోడ్లు చదివే చిన్న పరికరం, ఒకటి కొనుక్కోండి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చితే బ్లూటూత్‌తో ఫోన్‌లో కనిపిస్తుంది. లైటు వెలిగిన రోజే బండి పక్కకు ఆపి కోడ్ చూసి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఉదాహరణకు పీ0087 వస్తే ఫ్యూయల్ రైలులో (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టంలో) ప్రెషర్ తక్కువగా ఉందని, పీ0335 వస్తే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కి చెప్పేది) సర్క్యూట్‌లో తేడా ఉందని. యాప్‌లో ‘క్లియర్’ అనే బటన్ కనిపిస్తుంది. దాని జోలికి పోవద్దు. చాలా కొత్త బండ్లలో ఇంకో లెక్క కూడా కనిపిస్తుంది: కోడ్లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది. వర్క్‌షాప్ నుంచి ఇంటికి రాగానే అది చూడండి. ఆ దూరం వర్క్‌షాప్ నుంచి మీ ఇంటికున్న దూరమంతే ఉంటే, అక్కడే చెరిపారని వేరే చెప్పాలా?

లక్షణాలు చూస్తే నా అనుమానం మొదట రెండింటి మీద. వేడికి డీలాపడే ఫ్యూయల్ పంపు ఒకటి, వేడెక్కితే సిగ్నల్ ఆగిపోయి చల్లబడితే మళ్లీ పనిచేసే క్రాంక్ సెన్సర్ ఒకటి. తర్వాత ఏదైనా వదులుగా ఉన్న కనెక్టర్. పికప్ రాని క్షణంలో ఆర్‌పీఎమ్ ముల్లు గమనించమని పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పండి. ముల్లు పైకి లేచి బండి మాత్రం కదలకపోతే గేర్‌బాక్స్ వైపు చూడాలి. ముల్లు కూడా పడిపోతే ఇంజిన్ వైపు. ఆ ముల్లు కనిపించేలా వీడియో తీస్తే ఇంకా మంచిది. తీసేది పక్కవాళ్లే, మీరు కాదు.

ఇప్పుడు జాబ్ కార్డు, అంటే బండి ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదు రాసుకునే వర్క్‌షాప్ కాగితం, సంగతికి వద్దాం. మీరు ‘ఎన్నోసార్లు’ వెళ్లానన్నారు. ఎన్నిసార్లు, ఏ తేదీల్లో, ఓడోమీటర్ ఎంత ఉండగా, ఎన్నిరోజులు బండి అక్కడ ఉంది? అవి మీ ఉత్తరంలో లేవు. పాత జాబ్ కార్డులు తీసి చూడండి, చాలావాటి మీద ‘జనరల్ చెకప్’ అనే ఉంటుందని నా అంచనా. అలాగైతే కాగితాల ప్రకారం మీరు ఇంతవరకు ఫిర్యాదే చెయ్యలేదు. మీరు చెప్పినదాన్ని అడ్వైజర్ తన భాషలోకి కుదించి రాస్తాడు. ‘పికప్ తక్కువ’ అని రెండు ముక్కలు కొడతాడు. ఒప్పుకోకండి. ఇంట్లోనే రాసుకుని వెళ్లి, ఇదే మాట ఎక్కించమనండి: ‘గంటసేపు నడిపి ఇంజిన్ వేడెక్కాక, ఆగి కదిలేటప్పుడు ఆక్సిలరేటర్ తొక్కినా రెండు మూడు సెకన్లు పవర్ రావడం లేదు. ఫలానా తేదీన నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోయింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఇదే లోపం కోసం ఇంతకుముందు ఫలానా తేదీల్లో వచ్చాను.’ ఈ చివరి వాక్యం వదలొద్దు. కంప్యూటర్‌లో అన్ని అక్షరాలు పట్టవంటారు. అప్పుడు కాగితం మీద రాసి, జాబ్ కార్డుకి జతచేయించి, మీ కాపీ మీద వాళ్ల స్టాంపు, సంతకం వేయించుకోండి. ఆ సాయంత్రమే అదే విషయం డీలర్‌కీ, కంపెనీ కస్టమర్ కేర్‌కీ కలిపి ఒకే ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో ఎంతసేపు మాట్లాడినా, చివర్లో ‘మనం మాట్లాడుకున్నది ఇదీ’ అని రెండు వాక్యాల మెయిల్ పడాలి.

బండిని వేడిగా ఉన్నప్పుడే తీసుకెళ్లండి. టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. స్కానర్ తగిలించి, లైవ్ డేటా (బండి నడుస్తుండగా సెన్సర్లు చూపే లెక్కలు) రికార్డ్ చెయ్యమని అడగండి. ఒక రౌండ్‌లో రాకపోతే రెండు మూడు రోజులు డేటా రికార్డర్ పెట్టి ఇవ్వగలరా అని కూడా అడగండి. చాలా కంపెనీలు వర్క్‌షాప్‌లకి అలాంటి పరికరాలిస్తాయి. లోడ్ మీద ఉన్నప్పుడు ఫ్యూయల్ ప్రెషర్ చూశారా? ఈ మోడల్‌కి ఇదే లక్షణంతో కంపెనీ సర్వీస్ బులెటిన్ (వర్క్‌షాప్‌లకు పంపే రిపేరు సూచన) ఏదైనా పంపిందా? ఛాసిస్ నంబరుతో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీయే బండ్లను వెనక్కి పిలవడం) ఉందేమో చూశారా? ఇవి అడిగిన కస్టమర్‌తో మాట తీరు మారిపోతుంది, నేను చూసినదే చెబుతున్నా. ‘మీ డ్రైవింగ్’ అన్నవాళ్లకు ఒకటే జవాబు: అదే షోరూంలో అదే మోడల్ డెమో కారు ఉంటుంది, దాన్ని కూడా అంతసేపు తిప్పి చూపించమనండి. దానికి రానిది మీ బండికి వస్తే డ్రైవింగ్ మాట ఇక ఎత్తరు.

డెలివరీ ఇచ్చేటప్పుడు ఒక కాగితం ముందు పెడతారు, ‘పని సంతృప్తికరంగా జరిగింది’ అని. సంతకం కోసం తొందరపెడతారు. ‘లోపం సరికాలేదు’ అని చేత్తో రాసి, దాని కింద సంతకం పెట్టండి. తర్వాత కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. పదికి పది ఇవ్వండి మేడమ్, లేకపోతే మా జీతాల్లో కోస్తారని ఆ కుర్రాడు బతిమాలుకుంటాడు. పాపం, చాలాచోట్ల అది నిజమే. అయినా ఇవ్వకండి. ఆ మార్కులు వాళ్ల మేనేజర్ ఇన్సెంటివ్‌ని కదిలిస్తాయి. మీ బండి గురించి పైవాళ్లకు ఒక వార్త చేరే దారి కూడా అదే. కుర్రాడి మర్యాదకు మంచి మార్కులు వెయ్యండి, రిపేరుకి సున్నా వెయ్యండి.

వీళ్లతో కాకపోతే అదే కంపెనీకి చెందిన ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లండి. వారంటీ కంపెనీది, ఆ కంపెనీ అధీకృత వర్క్‌షాప్ ఎక్కడైనా సాధారణంగా చెల్లుతుంది. ఒక చోట దొరకని లోపం ఇంకోచోట గంటలో దొరకడం నాకు కొత్త కాదు. బయటి మెకానిక్‌తో మాత్రం ఏదీ విప్పించకండి, ఆ వంకతో వారంటీ లేదంటారు. విప్పకుండా పరీక్షించి రిపోర్టు ఇచ్చే ఇంజనీరైతే పరవాలేదు. కేసుదాకా వెళ్తే ఆ రిపోర్టు చాలా బలం.

మార్చి ఇమ్మని అడగొచ్చా? మీరు ఏ దేశం నుంచి రాశారో చెప్పలేదు, మా పాఠకులు నలుదిక్కులా ఉన్నారు కాబట్టి ముఖ్యమైనవి చెబుతాను. అమెరికాలో కొత్త కార్ల కోసమే ‘లెమన్ లా’లు (ఎంతకీ బాగుపడని లోపమున్న బండి కొన్నవాళ్లను కాపాడే చట్టాలు) ఉన్నాయి. 1982లో కనెక్టికట్ మొదలుపెట్టింది, ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వివరాలు మారినా లెక్క స్థూలంగా ఒకటే: అదే లోపానికి మూడు నాలుగు సార్లు రిపేరు అవకాశమిచ్చినా సరికాకపోతే, లేదా మొత్తం 30 రోజులు బండి వర్క్‌షాప్‌లోనే ఉంటే, తయారీ కంపెనీ వెనక్కి తీసుకోవాలి. ప్రాణం మీదికి తెచ్చే లోపమైతే చాలా రాష్ట్రాల్లో అంతకన్నా తక్కువసార్లే చాలు. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం బాధ్యత అమ్మినవాడిది. మొదటి 30 రోజుల్లో లోపం తేలితే బండి తిరిగిచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆ తర్వాతైతే ఒక్క రిపేరు అవకాశం ఇవ్వాలి, అది ఫలించకపోతే వెనక్కివ్వొచ్చు, వాడుకున్నందుకు కొంత కోసుకుంటారు. ఆరు నెలల్లోపు బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నట్టే లెక్క, కాదని రుజువు చేసుకోవలసింది వాళ్లే. సింగపూర్‌లో కూడా 2012 నుంచి అలాంటి ఆరు నెలల నియమమే ఉంది.

భారత్‌లో కార్లకంటూ ప్రత్యేకమైన లెమన్ లా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే ఆధారం, అది 2020 జులై నుంచి అమల్లో ఉంది. మీరు ఉంటున్న ఊరు ఏ వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే ఫిర్యాదు వెయ్యొచ్చు, వకీలు ఉండి తీరాలని లేదు, రెండేళ్ల గడువు దాటకూడదు. డీలర్‌నీ కంపెనీనీ ఇద్దర్నీ చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. దానికంటే ముందు 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించడం ఖర్చులేని పని, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. అయితే ఒక సంగతి దాచను. బండి మొత్తం మార్చి ఇవ్వమని ఆదేశం రావడం ఇక్కడ తేలిక కాదు. వారంటీ షరతు లోపమున్న భాగం మార్చడం వరకే అయితే, బండి మొత్తం మార్చమనలేమని 2006లో సుప్రీంకోర్టే ఒక కేసులో చెప్పింది. తయారీ లోపమని నిపుణుడి రిపోర్టు ఉంటేనే మీ మాట నిలబడుతుంది. అందుకే మీ మెయిల్‌లో మొదటి కోరిక ‘లోపం కనిపెట్టి రాతపూర్వకంగా కారణం చెప్పి సరిచెయ్యండి’ అని ఉండాలి. ‘ఫలానా తేదీలోగా కాకపోతే మార్చి ఇవ్వండి, లేదా డబ్బు తిరిగివ్వండి’ అన్నది రెండోది. అది కచ్చితమైన తేదీ అయ్యుండాలి, ‘వీలైనంత త్వరగా’ కాదు.

సోషల్ మీడియాలో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. పెట్టొచ్చు. తేదీలు, కోడ్లు, వాళ్లేమన్నారో అంతవరకే రాయండి. దొంగలు, మోసగాళ్లు అన్న మాటలు వద్దు, అక్కణ్ణించి కేసు మీ మీదికి మళ్లుతుంది.

ప్రశ్న: డెలివరీ తీసుకున్న మర్నాడు కడుగుతుంటే ఎడమ వెనక డోరు రంగు కాస్త తేడాగా కనిపించింది. దగ్గరనుంచి చూస్తే రబ్బరు అంచు మీద సన్నగా పెయింటు మరక ఉంది. షోరూం వాళ్లు ‘ఎండలో అలా కనిపిస్తుంది, పాలిష్ చేసిస్తాం’ అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: ఫ్యాక్టరీలో రబ్బర్లు బిగించేది పెయింటు అయ్యాకే. రబ్బరు మీద పెయింటు ఉందంటే ఆ తర్వాత ఎవరో స్ప్రే కొట్టారు. పాలిష్‌కి ఒప్పుకోవద్దు, ఉన్న గుర్తులు కూడా పోతాయి. పెయింట్ మందం కొలిచే మీటర్‌తో అన్ని డోర్లూ కొలిపించండి. ఫ్యాక్టరీ పెయింటు చాలా బండ్లలో 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. మిగతా డోర్లు 120 చూపిస్తూ ఇదొక్కటే 250 దాటితే ఇంకో మాట అక్కర్లేదు. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద మామూలు మీటర్ పనిచేయదు. లారీలో వచ్చేటప్పుడో యార్డులోనో దెబ్బ తగిలి ఉంటుంది, అది జరిగేదే. దాన్ని దాచి కొత్తదిగా అమ్మడమే తగువు. డెలివరీకి ముందు చేసిన తనిఖీ షీటు కాపీ అడగండి, ఆ డోరుకి ఏం పని జరిగిందో రాతపూర్వకంగా చెప్పమనండి. రేకు వంగకుండా ఒట్టి గీతకు రంగు వేసినదైతే ధరలో తగ్గింపు, పెయింటుకి విడిగా వారంటీ అడిగి సరిపెట్టుకోవచ్చని నా అభిప్రాయం. రేకు కొట్టి సరిచేసిందైతే ఇంకో బండి అడగండి. ఈ రెండిట్లో ఏదైనా మొదటి వారంలోనే రాసి పంపండి. ఇంకా డెలివరీ తీసుకోని పాఠకులకు: టైరు మీద చివరి నాలుగు అంకెలు కూడా చూసుకోండి, 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. రిజిస్ట్రేషన్‌కి ముందే పగటి వెలుతురులో బండి చూడండి, షోరూం లైట్ల కింద కాదు.

ప్రశ్న: బయట రివర్స్ కెమెరా పెట్టించాను. ఇప్పుడు ఏసీ కంప్రెసర్ పోతే, బయటి ఫిట్టింగ్ వల్ల వారంటీ మొత్తం రద్దయిందంటున్నారు.

జవాబు: మొత్తం రద్దనేది కౌంటర్ దగ్గర పుట్టే మాట. కెమెరా కోసం ఏ వైరు కోశారు, ఆ వైరుకీ కంప్రెసర్‌కీ సంబంధమేమిటి, ఈ రెండూ రాసివ్వమనండి. మీ వారంటీ పుస్తకంలో ఏ షరతు కింద కాదంటున్నారో ఆ పేజీ నంబరు కూడా. అమెరికాలోనైతే, తమ బ్రాండు భాగాలే వాడాలని వారంటీకి ముడిపెట్టడాన్ని 1975 నాటి చట్టమే చాలావరకు నిషేధించింది. మిగతాచోట్ల కూడా నష్టానికి కారణం చూపించమని అడిగే హక్కు మీకుంటుంది. కెమెరావాడు వైరు కొయ్యకుండా కప్లర్‌తో (గుచ్చి తీసే ప్లగ్గుతో) తగిలించి ఉంటే మీరు ధైర్యంగా వాదించండి. వైరు కోసి టేపు చుట్టి ఉంటే మాత్రం, అది ఫ్యూజ్ బాక్స్ వైపు వెళ్లే వైరు కాదని ముందు మీరు చూసుకుని వెళ్లండి.